పేరంటాలమ్మ తరఫు వాళ్ళు

ఈ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ఇద్దరు పోయారు. ఉన్న ఒకావిడ నాతో మాట్లాడటం మానేసింది, ఆవిడ పేరు వాడుకునే హక్కు నాకు లేదు.

నేను జగ్గయ్యపేటలో ఉంటాను. ముప్పయ్యేళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నాకు ముక్కు మీద కోపమని పిల్లలు అనేవాళ్ళు. నిజమే. మావారు పోయాక ఆ కోపం చూపించడానికి ఇంట్లో మనిషి లేక పాలవాడి మీదా, కేబుల్ వాడి మీదా చూపిస్తున్నాను.

నా దగ్గర చదువుకున్న ఒకతను ఇప్పుడు దక్షిణాఫ్రికాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. మొన్నా మధ్య మాఘమాసంలో ఫోన్ చేశాడు.

"మేడం, మీ పుట్టిల్లు నందిగామ దగ్గర మునేటి ఒడ్డునే కదండీ?"

"అవును. ఏం?"

"మా ఆఫీసులో ఒక తెల్లావిడ ఉందండి. ఆఫ్రికానర్ల మనిషి. వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మ మన తెలుగావిడంటండి. ఆవిడ కాగితాల్లో మీ ఊరి పేరుంది. అందుకే మీకు చేశా."

ఆఫ్రికానర్లంటే ఎప్పుడో హాలెండు వైపు నుంచి ఓడల్లో వెళ్ళి అక్కడ భూములు పట్టుకుని స్థిరపడిన తెల్లజాతి రైతులు. వాళ్ళకీ మా మునేటికీ సంబంధం ఏమిటని నవ్వాను. ఈ పిల్లవాడు చదువుకునే రోజుల్లో కూడా హోంవర్కు ఎందుకు చెయ్యలేదంటే కథలు బాగా చెప్పేవాడు. ఆ తర్వాత వాట్సాప్‌లో కాగితం ఫోటో వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసులో ఓడెక్కి, దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన వాళ్ళ పట్టీ అది. అందులో ఒక వరస. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు ఇరవై, కులం, కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా, మా ఊరు. చివరి గడిలో ఒంటి మీద గుర్తు: ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ.

ఆ పేరు చూశాక ఫోను పక్కన పెట్టేశాను. మా ఇంట్లో ఆ పేరు ఆడపిల్లలకు పెట్టరు. ఏడాదికి ఒక్కసారి, ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య నాడు మాత్రం పైకి పలుకుతారు. ఆ రోజు గోడకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పీట మీద కొత్త చీర, రవిక, గాజులు, పూలు పెట్టి దీపం వెలిగిస్తారు. ముత్తయిదువగా పోయిన ఇంటి ఆడమనిషిని పేరంటాలని కొలవడం మా వైపు చాలా ఇళ్ళలో ఉంది. మా ఇంటి పేరంటాలమ్మ ఆవిడే.

నేను విన్న కథ ఇది. ఆవిడ మా ముత్తాతకు మొదటి భార్య. పెళ్ళయిన రెండు మూడేళ్ళకు బిందె తీసుకుని మునేటికి వెళ్ళి తిరిగి రాలేదు. బిందె ఒడ్డున దొరికింది. శవం దొరకలేదు. కర్మ చేశారు. ఏడాది తిరక్కుండా ఆవిడ చెల్లెల్నే మా ముత్తాతకిచ్చి రెండో పెళ్ళి చేశారు. ఆ చెల్లెలే మా నాన్నకు నాయనమ్మ. ఆవిడ బతికినన్నాళ్ళూ మెడలో అక్క పేరున చిన్న బంగారు బిళ్ళ వేసుకుంది. చనిపోయిన మొదటి భార్య కోపగించుకోకుండా రెండో భార్య అలా వేసుకోవడం అప్పటి ఆచారం.

కాగితం చూడగానే నాకు ముందు కలిగింది సంతోషం. మా పేరంటాలమ్మ మునిగిపోలేదు. కాలిన చెయ్యేసుకుని, బిందె అక్కడ పెట్టేసి, ఎవరో కూలీల మేస్త్రీ వెంట మద్రాసు దాకా వెళ్ళిపోయింది. ఎంత ధైర్యమో అనుకున్నాను. ఆ మచ్చ ఎవరు పెట్టారో అడగడానికి మా ముత్తాత లేడు కాబట్టి ఆయన్ని నాలుగు తిట్టుకున్నాను కూడా.

అది మా ఇంటి మనిషేనని శిష్యుడికి చెప్పిన వారానికే ఆ తెల్లావిడ హైదరాబాదులో విమానం దిగి, కారులో తెలంగాణ దాటి వస్తుంటే గరికపాడు చెక్‌పోస్టు దగ్గరికి ఎదురెళ్ళాను. లారీల మధ్య కారాపి దిగింది. అరవై దగ్గర పడిన మనిషి, బాగా పొడుగు, ఎండకు కమిలిన మొహం. చేతులు చూస్తే మా రైతుల చేతుల్లాగే ఉన్నాయి. పొలాల్లో ఆరబోసిన మిర్చి చూసి ఎకరానికి ఎంత పండుతుందని అడిగింది. నాకు వెంటనే నచ్చింది. ధాబాలో టీ తాగుతూ వచ్చిన పని చెప్పింది.

"మా అమ్మకు ఎనభై దాటాయి. ఊపిరితిత్తులు పోయాయి. ఇక వారాలే అంటున్నారు. ఆవిడ నన్ను ఒకే ఒక్కటి చూసి రమ్మంది."

"ఏమిటది?"

"చీర. మీ ఇంట్లో ఆమె కోసం ఏటా పెట్టే చీర. ఇంకా పెడుతున్నారా?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. చీర సంగతి నేను ఆవిడకు చెప్పలేదు. మా శిష్యుడికి అసలు తెలియదు.

ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మా పేరంటాలమ్మ చెరకు తోటల్లో గడువు పూర్తయ్యాక పైన కొండప్రాంతంలో ఒక ఆఫ్రికానర్ రైతు ఇంట్లో పనికి కుదిరింది. అతనితో ఒక కూతురు పుట్టింది. అతను పెళ్ళి చేసుకోలేదు. పిల్ల తెల్లగా ఉంది కాబట్టి తెల్లపిల్లగానే పెరిగింది. ఆ కూతురికి తల్లి పదే పదే చెప్పిన మాట ఒకటుందట. "మా ఊళ్ళో మా ఇంట్లో ఏటా నా కోసం కొత్త చీర పెట్టి దీపం వెలిగిస్తారు. నేను వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను." ఆ మాట నలుగురు ఆడవాళ్ళ నోటి మీదుగా ఈవిడ దాకా వచ్చింది.

"వెళ్ళినప్పుడా?" అన్నాను.

సంచిలోంచి ఇంకో రెండు కాగితాలు తీసింది. పదేళ్ళ తర్వాత మద్రాసుకు తిరిగొచ్చిన ఓడ పట్టీ ఒకటి. నాలుగు నెలలకు మళ్ళీ నేటాల్ వెళ్ళిన ఓడ పట్టీ ఇంకొకటి. రెండింటిలోనూ అదే పేరు, అదే మచ్చ.

"తనవాళ్ళను చూసుకుని సంతోషంగా తిరిగొచ్చిందని మా అమ్మ నమ్మకం" అంది. "మావాళ్ళు మాత్రం ఆమెను దాచారు. రంగును బట్టి మనుషుల్ని విడదీసిన రోజుల్లో ఆమె పోర్చుగీసు మనిషని చెప్పుకున్నారు. ఉన్న ఒక్క ఫోటోలో ఆమె నిలబడిన సగం ఎవరో కత్తిరించేశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. మీరు చీర పెట్టి ఎదురుచూశారు. ఆ తేడా చాలు మా అమ్మకు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. చీర పెట్టి దీపం వెలిగించడం ఎవరికో మా వైపు పసిపిల్లనడిగినా చెబుతుంది. చచ్చిపోయిన వాళ్ళకు. అది చూశానని ఆవిడ కూతురికి చెప్పిందంటే, తన చావు తాను చూసిందన్నమాట. చూసి, నాలుగు నెలల్లో మళ్ళీ ఓడెక్కిందన్నమాట.

అప్పుడే, ఆ టీ బల్ల దగ్గరే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే ఎవరో సముద్రం దాటి వచ్చి మా వంశం గొప్పదని కళ్ళనీళ్ళతో అంటుంటే నాకు బాగుంది. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

"ఇంకా పెడుతున్నాం" అన్నాను. "నందిగామలో మా మేనత్త పెడుతుంది."

మర్నాడు ఆవిణ్ణి జగ్గయ్యపేటలో మా ఇంట్లో పడుకోబెట్టి, ప్రయాణం బడలిక తీరనిమ్మని చెప్పి, నేనొక్కదాన్నే పొద్దున బస్సెక్కి నందిగామ వెళ్ళాను. మేనత్త అంటే మా నాన్నకు ఆఖరి చెల్లెలు. తొంభైకి దగ్గర్లో ఉంది, కొడుకు దగ్గర ఉంటోంది. ఊళ్ళో ఇల్లు అమ్మేశాక పేరంటాలమ్మ పీట ఎవరింట్లో ఉండాలని ప్రశ్న వచ్చింది. ఇంటి కోడళ్ళు చెయ్యాల్సిన పూజ అది. మా వదినలు హైదరాబాదు ఫ్లాట్లలో కుదరదన్నారు. అత్త ఎవరితో మాట్లాడకుండా ఆటోలో వెళ్ళి పీట ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. ముసలావిడ చాదస్తమని అందరం నవ్వుకున్నాం.

అత్త వసారాలో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. పేరంటాలమ్మ మునేట్లో మునిగిపోలేదని, ఓడెక్కి వెళ్ళిందని, ఆవిడ మునిమనవరాలి కూతురు నిన్న మా ఇంటికొచ్చిందని.

అత్త పని ఆపలేదు. "మునిగిపోలేదని నాకు తెలుసులేవే" అంది.

"ఎట్లా తెలుసు?"

"మా నాయనమ్మ చెప్పింది. పోయే ముందు. నాకప్పుడు పన్నెండేళ్ళు. అందర్నీ బయటికి పొమ్మని నన్నొక్కదాన్నే ఉండమంది."

పిక్కలున్న చేట పక్కకు జరిపి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పింది.

"కొత్త అమావాస్య నాడు పొద్దుగుంకే ఏళకి వచ్చిందంట. ఇంట్లో మొగాళ్ళెవరూ లేరు. పీట మీద చీర పెట్టి, దీపం ఎలిగించి, మా నాయనమ్మ మా నాన్నని ఒళ్ళో ఏసుకుని పాలిస్తా కూర్చుందంట. పెరటి తలుపు కొట్టి, చెల్లే అని పిలిచిందంట. మా నాయనమ్మ కిటికీలోంచి చూసింది. గుర్తుపట్టింది. అవతల ఆవిడా చూసింది. పిల్లాణ్ణి చూసింది, మెళ్ళో పుస్తెలు చూసింది, పీట చూసింది. ఇంకేమీ అడగలేదంట. దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళియ్యవే అందంట."

"ఇచ్చిందా?"

"తలుపు తియ్యలేదు. దీపం కొండెక్కిందాకా అక్కడే నిలబడి ఎళ్ళిపోయిందంట."

వసారా ముందు నుంచి ఒక ట్రాక్టరు వెళ్ళింది. ఆ చప్పుడు పోయేదాకా అత్త ఆగింది.

"దెయ్యమనుకుని భయపడి ఉంటుంది అత్తా" అన్నాను. మా తాతమ్మకు ఏదో ఒక సాకు దొరికితే బాగుండుననిపించింది నాకు.

"అది కాదనే అంది మా నాయనమ్మ. ఆ ముక్కే నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఆవిడ తరఫు వాళ్ళెవరైనా ఎప్పటికైనా వస్తే, దెయ్యమనుకుని తియ్యలేదని చెప్పమాక. అక్కేనని తెలిసే తియ్యలేదు. తీస్తే నా బతుకేమవుద్దోనని తియ్యలేదు. నీళ్ళు కూడా ఇయ్యలేదు. ఇది చెప్పి, నా తరఫున తప్పైందని అడుగు అంది. డెబ్బై ఏళ్ళ పైగా మోస్తన్నానే. ఆ పీట మీరంతా వద్దంటే నేనెందుకు తెచ్చుకున్నా అనుకున్నావ్? ఏటా చీర పెట్టి, ఆవిణ్ణే అడుగుతున్నా. ఆవిడేం పలుకుద్ది?"

చిన్నప్పుడు ఆ పూజలో అత్త చేతులు జోడించి ఏదో గొణుగుతుంటే మంత్రాలనుకున్నాను.

తెల్లావిడ తల్లి చావు బతుకుల్లో ఉందని, వాళ్ళ కుటుంబం మనల్ని తల మీద పెట్టుకుందని, ఇప్పుడీ మాట చెప్పి ఆ ముసలావిడ గుండె పగలగొట్టడం న్యాయం కాదని చెప్పాను. కావాలంటే ఆవిడ పోయాక కూతురికి చెబుదామన్నాను.

"అప్పటిదాకా నేనుండాలిగా" అంది అత్త. "వచ్చింది వాళ్ళు. నేను అడగాలి. వాళ్ళు తిడితే తిట్టించుకుంటా. నాకా ఇంగిలీషు రాదు. నువ్వు చెప్పు."

"సరే. నువ్వు తెలుగులో అను, నేను వాళ్ళకు చెబుతా" అన్నాను. అప్పటికే నా మనసులో ఏముందో నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం అత్త రోజు కాని రోజు పీట దించింది. గోడకు పసుపు రాసింది. తన పెట్టెలోంచి ఆకుపచ్చ అంచున్న పసుపు చీర తీసి పెట్టింది. ఈ కొత్త అమావాస్యకని ముందే కొని ఉంచిందట. తెల్లావిడ చెప్పులు విప్పి, ఆ గదిలోకి వచ్చి, నేల మీద కూర్చోవడం చేతకాక మోకాళ్ళ మీద నిలబడింది. చీర అంచు మీద ఒక వేలు ఆనించి, చాలాసేపు తియ్యలేదు. తర్వాత ఫోనులో వాళ్ళమ్మకు వీడియో కాల్ చేసి, ఫోనును నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టింది.

ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద ఒక చిన్న మొహం కనిపించింది. ఆ తల్లికి వాళ్ళ భాషే గాని ఇంగ్లీషు బాగా రాదు. అత్త తెలుగులో అంటే నేను ఇంగ్లీషులో చెప్పాలి, కూతురు దాన్ని వాళ్ళ భాషలో తల్లికి చెప్పాలి. ముందు చీర చూపించారు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది. చెయ్యి ఫోను అద్దం దాకా తెచ్చింది.

అత్త గోడ పట్టుకుని లేచి నిలబడింది. కూర్చోమన్నా వినలేదు. చేతులు జోడించింది.

"అమ్మా, మీ పెద్దావిడ ఇంటికొచ్చింది. మా నాయనమ్మ తలుపు తియ్యలేదు. దెయ్యమనుకుని కాదు, అక్కేనని తెలిసే తియ్యలేదు. దాహమన్నా నీళ్ళియ్యలేదు. ఈ చీర చచ్చిపోయినోళ్ళకి పెట్టేదమ్మా, బతికున్న మనిషికి పెట్టాం. తప్పైంది. మమ్మల్ని క్షమించండి."

ఒక్క మాట కూడా తడబడలేదు. పన్నెండో ఏట నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అందరూ నా వైపు చూశారు.

"మా ఇంట్లో వాళ్ళు ఆమెను ఒక్క ఏడాది కూడా మరిచిపోలేదని చెబుతోంది" అన్నాను ఇంగ్లీషులో. "మీరు రావడం మా భాగ్యమంటోంది."

కూతురు దాన్ని వాళ్ళమ్మకు చెప్పింది. ముసలావిడ కళ్ళు మూసుకుంది. తర్వాత ఊపిరి కూడగట్టుకుంటూ, ఆగి ఆగి ఏదో చాలాసేపు మాట్లాడింది. వింటున్న కొద్దీ కూతురి మొహం పాలిపోయింది. చివరికి నాకు చెప్పింది.

"ఫోటో కత్తిరించింది తనేనట. పెళ్ళి కుదిరిన ఏడు. మా నాన్న వాళ్ళకు ఆ మొహం కనబడకూడదని కత్తెర పట్టిందట. నాకు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. మీరంతా ఆమెను అంత ప్రేమగా చూసుకున్నారు, నేను ముక్కలు చేశాను అంటోంది. మీ అత్తగారు మా ముత్తవ్వ తరఫున తనను క్షమించగలరా అని అడుగుతోంది."

అత్త నా భుజం పట్టుకుంది. "ఏమంటందే? తిడతందా?"

ఇక్కడ నేను ఆగి ఉండొచ్చు. ఇద్దరూ ఒకే మాట అడుగుతున్నారు. ఇద్దరికీ రెండో వాళ్ళ మాట చేరిస్తే చాలు, ఇంకేమీ చెయ్యనక్కర్లేదు. కానీ ముసలావిడ తప్పు అత్తకు చెబితే, అత్త తన తప్పు మళ్ళీ ఎత్తుతుంది. నేను చెప్పింది అబద్ధమని బయటపడుతుంది. ఆ క్షణంలో నాకు ఇద్దరు ముసలివాళ్ళ కన్నా నా పరువు ఎక్కువైంది. దయతో చేశానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. దయ కొంత ఉంది. మిగతాదంతా భయం.

"క్షమించానంటోంది అత్తా" అన్నాను.

అత్త అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డెబ్బై ఏళ్ళ బరువు దిగితే మనిషి అలా ఏడుస్తుందని నాకు తెలియదు. తెల్లావిడ వచ్చి అత్త పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. "ఏమన్నారు?" అని నన్నడిగింది.

"క్షమించడానికేముంది, ఆవిడ తప్పేమీ లేదంటోంది."

ఫోనులో ఆ చిన్న మొహం నవ్వింది.

తెల్లావిడ ఇంకో మూడు రోజులుంది. వేదాద్రి వెళ్ళాం. కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని, తన తల్లి చేసిన పని గురించి చెప్పుకుని ఏడ్చింది. మీ అత్తగారంత మంచి మనిషిని చూడలేదంది. నేను పులిహోర పొట్లం చేతిలో పట్టుకుని తినలేక కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు అత్త ఆ పసుపు చీర ఆవిడకిచ్చేసింది. మాకు ఇక అక్కర్లేదంది.

రెండు వారాలకు ముసలావిడ పోయిందని మెసేజ్ వచ్చింది. అత్తకు చెబితే తలంటుకుని స్నానం చేసింది. మనవాళ్ళే కదా, మైల అంది.

ఆ తర్వాత అత్త మనిషే మారిపోయింది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ కథ చెప్పేది. మా నాయనమ్మ తలుపు తియ్యలేదు, అయినా వాళ్ళు క్షమించారు అని. ఇన్నాళ్ళూ గుట్టుగా దాచింది ఇప్పుడు కూరగాయలమ్మే ఆవిడక్కూడా చెప్పేది. ఎంత గొప్ప మనసో ఆ తెల్లముసలమ్మది అనేది. కొత్త అమావాస్య వచ్చింది. అత్త పీట తియ్యలేదు. ఆవిడ ఇంక వాళ్ళింటికి ఎళ్ళిపోయింది, ఇక్కడ లేదు అంది. ఆషాఢంలో ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్ళీ లేవలేదు. సుఖమైన చావని వచ్చిన వాళ్ళంతా అన్నారు. నేను ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయాను.

పెద్దకర్మ రోజు సాయంత్రం, సామాను సర్దుతుంటే ఫోను మోగింది. దక్షిణాఫ్రికా నుంచి పెద్ద మెసేజ్.

వీడియో కాల్‌ను ఆవిడ రికార్డు చేసుకుందట. వాళ్ళమ్మ పేరున వేసే చిన్న పుస్తకంలో అత్త అన్న మాటలు తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించాలనుకుంది. డర్బన్‌లో మన తెలుగువాళ్ళున్నారు. అందులో ఒక పెద్దాయనకు వినిపించి రాసిపెట్టమంది. ఆయన రెండుసార్లు విని, ఇది రాయడం నా వల్ల కాదమ్మా అన్నాడట. బతిమాలితే చెప్పాడట.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. రాసింది ఇంతే.

"మా అమ్మ తప్పు ఒప్పుకుంది. మీ అత్తగారూ ఒప్పుకున్నారు. ఇద్దరి మాటా మీ దగ్గరే ఆగిపోయింది. మా అమ్మ తనొక్కతే పాపం చేశానని అనుకుంటూ పోయింది. తనలాంటి మనిషి ఇంకొకరున్నారని, ఎదురుగా నిలబడి చేతులు జోడించారని ఆమెకు తెలిసి ఉంటే చాలు. మీ అత్తగారికైనా ఆ మాట చేరాలి. నేను వచ్చే నెల వస్తున్నాను. నేనే ఆవిడకు చెబుతాను. ఆవిడ అడిగినదానికి జవాబు నేనివ్వాలి, అది ఏదైనా సరే. మీరు రావద్దు. మాట చెప్పేవాళ్ళను ఈసారి నేనే తెచ్చుకుంటాను."

లోపల అత్త కొడుకు, మా బావ, వంటవాళ్ళతో మాట్లాడుతున్నాడు. అత్త ఫోటోకు దండ వేసి ఉంది. నేను వసారాలో, ఆవిడ చింతపండు తీసిన చోట కూర్చుని జవాబు రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు పూర్తి కాలేదు. మూడో రోజుకు పంపగలిగాను.

మా అత్త లేదని రాశాను. మీ అమ్మగారి మాట ఆవిడకు చేరలేదని, నేను చేరనివ్వలేదని రాశాను. మీరు క్షమించారన్న మాట మాత్రం నేను చెప్పానని, దాన్ని నిజమని నమ్మి, ఊరంతా చెప్పుకుని, సంతోషంగా పోయిందని రాశాను. ఇప్పుడు మీరు క్షమించనన్నా ఆవిడకు వినబడదు, క్షమిస్తానన్నా వినబడదు, అలా చేసింది నేనేనని రాశాను.

చదివింది. జవాబివ్వలేదు. ఆవిడ వస్తానన్న నెల గడిచిపోయింది, నాకు కబురు లేదు. వారం తర్వాత మా బావ ఫోన్ చేశాడు.

"ఆ తెల్లావిడొచ్చింది. ఎవరో తెలుగాయన్ని ఎంటబెట్టుకుని. అమ్మ ఫోటో ముందు కూర్చుని గంటసేపు వాళ్ళ భాషలోనే ఏదో మాట్లాడింది. ఎంటొచ్చినాయన తెలుగులో చెప్పబోతే, ఎవరున్నారు వినడానికి, వద్దు అందంట."

"ఏం మాట్లాడిందో?" అన్నాను.

"మాకేం తెలుసు? నీ గురించి మాత్రం అడగలేదు" అన్నాడు.